గోడెక్కి చూసినవాళ్ళు

ఈ టపా ఒక యుద్ధవిమానాన్ని గురించి. తెలుగు పండితుడికి యుద్ధవిమానాలతో పనేమిటని మీరు అడగవచ్చు. పదిహేనేళ్ళ కిందట నేనూ ఒక పిల్లవాణ్ణి అటువంటి ప్రశ్నే వేశాను. వేసి తప్పు చేశాను. ఆ తప్పు ఒప్పుకోవాలంటే ముందుగా చైనాలోని చెంగ్డు నగరం దాకా వెళ్ళిరావాలి. దూరాభారమే, కాస్త ఓపిక పట్టండి.

చెంగ్డు సిచువాన్ ప్రాంతానికి రాజధాని. చుట్టూ కొండలు, నడుమ పళ్ళెం లాంటి పల్లపు నేల. చలికాలంలో ఆ పళ్ళెం నిండా పొగమంచే. ఎండపొడ అపురూపం. అందుకే చైనావారికి ఒక జాతీయం ఉంది: షూ దేశపు కుక్కలు సూర్యుణ్ణి చూసి మొరుగుతాయట. షూ అన్నది ఆ ప్రాంతానికి పాత పేరు. ఎన్నడూ ఎరగనిది కంటబడితే కంగారుపడి అరిచే అల్పజ్ఞుణ్ణి ఎత్తిపొడవడానికి ఈ మాట వాడతారు. దీని మూలం తాంగ్ యుగపు రచయిత లియూ జోంగ్‌యువాన్ (773-819) రాసిన ఒక జాబులో ఉంది. తనను గురువుగా ఉండమని కోరిన ఒక యువకుడికి ఆయన రాసిన జవాబది. గురుత్వం అంటే ఏమిటన్నది అందులోని విషయం. కుక్కల సంగతి నడుమ వచ్చిన ఉపమానం మాత్రమే. ఆ కుక్కలతో నాకు పని ఉంది, మళ్ళీ వస్తాను.

నగరానికి పడమటి దిక్కున హువాంగ్‌తియన్‌బా అనే చోట యుద్ధవిమానాలు తయారుచేసే కర్మాగారం ఉంది. దాని పక్కనే రన్‌వే. ఇటువంటివి జనసంచారం లేని ఎడారిలో ఉంటాయని మనం అనుకుంటాం. ఇది అలా కాదు. చుట్టూ ఊరు పెరిగిపోయింది. ప్రహరీ అవతల రోడ్డు, ఇళ్ళు, మామూలు జనం. విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు ఆ ప్రహరీ దగ్గర చేరి, నిచ్చెనలు వేసుకుని, గోడెక్కి, కెమెరాలు పట్టుకుని గంటల తరబడి నిరీక్షించేవారు. వాళ్ళకు చైనా భాషలో ఏర్పడిన పేరుకు అర్థం కూడా గోడెక్కేవాళ్ళనే. మనకు గోడ మీది పిల్లి అంటే ఎటు దూకుతుందో తెలియనిదని అర్థం. ఈ గోడ మీదివాళ్ళకు మాత్రం ఎటు చూడాలో బాగా తెలుసు.

2010 డిసెంబరు చివరి వారంలో వాళ్ళు తీసిన ఫొటోలు అంతర్జాలంలో పడ్డాయి. నల్లటి విమానం. రెండు ఇంజన్లు. ప్రధానమైన రెక్కలకు ముందు, ముక్కుకు దగ్గరగా, మరో జత చిన్న రెక్కలు. తోక దగ్గర రెండు నిలువు పలకలు వాలుగా బయటికి విచ్చుకుని ఉన్నాయి. పక్కన 2001 అనే అంకె. రన్‌వే మీద వేగంగా పరుగు తీస్తోంది, ఎగరడం లేదు. కొత్త విమానాన్ని ముందు నేల మీదే పరుగెత్తించి, బ్రేకులు, చక్రాలు, ముక్కు లేచే తీరు పరీక్షిస్తారు. పసిపిల్లవాణ్ణి నడిపించినట్టే. జె-20 అని మనం ఇప్పుడు పిలుస్తున్నది దాన్నే. రాడార్ కంటికి చిక్కకుండా తప్పించుకునే స్టెల్త్ జాతి.

ఆ రోజుల్లో చైనా ఔత్సాహికులు దాన్ని నేరుగా పేరుపెట్టి పిలిచేవారు కాదు. "నల్ల పట్టు రిబ్బను" అనేవారు. ఇందులో శ్లేష ఉంది. చైనా భాషలో పట్టు రిబ్బనుకూ నాలుగో తరానికీ వాడే మాటలు రెండూ "సీ దాయ్" అనే వినిపిస్తాయి, స్వరంలో మాత్రమే భేదం. పాశ్చాత్యులు అయిదో తరం అనే విమానాలను చైనావారు అప్పట్లో నాలుగో తరంగా లెక్కపెట్టేవారు. కనుక నల్ల నాలుగో తరం కాస్తా నల్ల రిబ్బను అయింది. ఒక శబ్దం పైకి వినిపిస్తుంది, లోపల మరొకటి దాగి ఉంటుంది. రాఘవపాండవీయం చదువుకున్నవాడికి ఇంతకంటె ఇష్టమైన సంగతి ఏముంటుంది? కాని ఈ శ్లేష సంగతి నాకు తెలిసింది చాలా ఆలస్యంగా. ముందే తెలిసుంటే బహుశా నా బుద్ధి ఇంకోలా పనిచేసేది.

అప్పటికి నేను మా ఊరి హైస్కూల్లో పదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఒక రోజు పాఠం అయ్యాక వెనక బెంచీ అబ్బాయి ఒకడు నా బల్ల దగ్గరికి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన కాగితం విప్పి చూపించాడు. నెట్ సెంటర్లో డబ్బిచ్చి అచ్చు తీయించుకున్న ఫొటో. సిరా చాలక చారలు పడింది. మంచులోంచి వస్తున్న నల్లటి ఆకారం. వాడి ముఖంలో ఒక వెలుగు. లెక్కల మాస్టారికి చూపించకుండా, సైన్సు మాస్టారికి చూపించకుండా నా దగ్గరికే ఎందుకు తెచ్చాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. "మాస్టారండీ, ఇది నిజమేనంటారా?" అని అడిగాడు.

నిజమేనా అని అడిగితే పండితుడికి ఒళ్ళు పులకరిస్తుంది. పాఠపరిష్కరణ అన్నది మాకు నేర్పిన విద్యల్లో ఒకటి. తాటాకు ప్రతుల్లో ఏది కవి రాసినది, ఏది తరవాతివాడు చేర్చినది అని తేల్చాలి. అతి నున్నగా, అతి అందంగా ఉన్న పాఠాన్ని ముందుగా అనుమానించాలి. ఆ కాగితాన్ని నేను తాటాకులా పట్టుకుని పరీక్షించాను. ఆ దేశ ప్రభుత్వం ఏ ప్రకటనా చేయలేదు. దొంగచాటుగా తీసిన ఫొటోకు అంత చక్కని కోణం ఎలా కుదిరింది? అంత రహస్యమైన వస్తువును రోడ్డు పక్కన ఎవరు పరుగెత్తిస్తారు? అంతకుముందు కొన్నేళ్ళుగా ఈ విమానం పేరుతో ఎవరెవరో కంప్యూటర్లో గీసిన ఊహాచిత్రాలు తిరుగుతూనే ఉన్నాయని వాడే చెప్పాడు. ఇంకేం, నా తీర్పు సిద్ధమైపోయింది. పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర కలం తీసి, ఆ విమానం మీద అడ్డంగా "ప్రక్షిప్తం" అని రాశాను. రాసి ఊరుకోక, "ఇటువంటి బొమ్మలు చూస్తూ కూర్చుంటే పబ్లిక్ పరీక్షలో సంధులు ఎవడు రాస్తాడ్రా?" అని కూడా అన్నాను. తరగతి నవ్వింది. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ప్రక్షిప్తం అంటే అర్థం వాడికి అప్పటికి తెలియదు. అడగనూ లేదు.

అటువంటి తీర్పు ఇచ్చినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే కాదు, ఆ ఫొటోలను నమ్మనివాళ్ళు చాలామంది ఉన్నారు. ముందున్న ఆ చిన్న రెక్కలను ఇంగ్లీషులో కనార్డ్ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు బాతు అని అర్థం. పుట్టించిన పుకారుకూ అదే మాట. నానార్థాల పట్టికలో చేర్చుకోదగిన సంగతి! మన దగ్గరా ఇటువంటిది జరిగింది. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని తాటాకుల్లోంచి వెలికితీసి 1909లో ప్రకటిస్తే, ఇది పాత కావ్యం కాదు, కవిగారే రాసిపెట్టారని వాదించిన పండితులు ఉన్నారు. వాళ్ళ వాదం నిలబడలేదు. ఆ వివాదాన్ని పిల్లలకు కథలా చెప్పే నేను, తీరా నా వంతు వచ్చేసరికి ఆ ఆక్షేపకుల వరసలోనే నిలబడ్డాను.

2011 జనవరి 11, మంగళవారం. చెంగ్డులో మధ్యాహ్న సమయం. 2001 అంకె ఉన్న నల్ల విమానం గోడ మీదివాళ్ళ కళ్ళ ఎదుటే నేల వదిలి లేచింది. వెంట రెండు సీట్ల జె-10 ఒకటి కనిపెట్టుకుని ఎగిరింది. పావుగంటకు కాస్త అటూ ఇటూగా గాలిలో ఉంది. చక్రాలు లోపలికి ముడుచుకోలేదు, మొదటిసారి కనుక దించే ఉంచారు. తరవాత క్షేమంగా దిగింది. నడిపినవాడు లీ గాంగ్. రూపకర్త యాంగ్ వెయ్ అక్కడే ఉన్నాడు. గోడ అవతలివాళ్ళు చప్పట్లు కొట్టి, కేకలు వేసి, ఫొటోలు పంచుకున్నారు. ఆ ఫొటోలను చెరిపెయ్యాలని అధికారులు తలచుకుంటే ఎంతో సేపు పట్టదు. చెరపలేదు.

అదే రోజున అమెరికా రక్షణమంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగులో ఉన్నాడు. 2020 నాటికి కూడా చైనా దగ్గర ఈ తరం విమానం ఒక్కటీ ఉండదన్నది తమ అంచనాగా 2009లో సభాముఖంగా చెప్పినవాడు ఆయనే. అధ్యక్షుడు హు జింటావోను కలిసినప్పుడు ఈ సంగతి ఎత్తితే, ఆ పరీక్షకూ తమ రాకకూ సంబంధం లేదన్న జవాబు వచ్చింది. అసలు ఆ గదిలోని పౌర నాయకులకు ఆ కబురే కొత్తగా ఉన్నట్టు తనకు తోచిందని గేట్స్ తరవాత చెప్పాడు. దేశాధ్యక్షుడికి తెలిసిందో లేదో కాని, గోడెక్కినవాడికి తెలిసింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో చూసినప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. చల్లారిపోయేదాకా దాన్ని దించలేదు. సంక్రాంతి సెలవుల్లో ముగ్గులు, గంగిరెద్దులు, చుట్టాలు, అన్నిటి మధ్యా ఆ ఎర్ర అక్షరాలే కనబడుతూ వచ్చాయి. నేను విమానాన్ని తప్పుగా అంచనా వేయడం పెద్ద సంగతి కాదు, గేట్స్ అంతటివాడే వేశాడు. పిల్లవాడు నమ్మకంతో తెచ్చి చేతిలో పెట్టినదాని మీద ఎర్ర సిరాతో రాశానే, అది బాధించింది. సూర్యుణ్ణి చూసి మొరిగినది ఎవరో నాకు తెలిసింది.

సెలవుల తరవాత వాణ్ణి పిలిచి ఆ కాగితం తెమ్మన్నాను. పారేసి ఉంటాడనుకున్నాను, పారేయలేదు. "ప్రక్షిప్తం" కొట్టేసి దాని కింద "సాధుపాఠం" అని రాసి సంతకం పెట్టాను. రెండు మాటలకూ అర్థం చెప్పాను. తరగతి అందరి ముందూ చెప్పాను, ఎందుకంటే నవ్వించింది అందరి ముందే కదా. వాడు ఏమీ అనలేదు. వారం తరవాత మరో ఫొటో తెచ్చాడు.

అక్కణ్ణుంచి వాడికి నేను శిష్యుణ్ణయ్యాను. ఫొటోను ఎలా చదవాలో వాడు నేర్పాడు. పక్కన ఉన్న బండినీ మనిషినీ కొలతగా పెట్టుకుని విమానం పొడవు లెక్కగట్టాలి. మొదట్లో చాలామంది 22, 23 మీటర్ల దాకా వేశారు, ఇప్పుడు 21 మీటర్ల దరిదాపు అంటున్నారు. చక్రాల గది తలుపుల అంచులు తిన్నగా ఉండవు, రంపపు పళ్ళలా ఉంటాయి. ఎందుకురా అంటే, వచ్చిన రాడార్ తరంగాన్ని వచ్చిన దారిన పోనివ్వకుండా పక్కలకు మళ్ళించడానికి అన్నాడు. తరవాత నేనూ చదివాను. పదునైన అంచుల మీద తరంగం ఎలా చెదురుతుందో లెక్కకట్టే పద్ధతిని ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు 1962లో పుస్తకంగా ప్రకటించాడు. రహస్యమని ఎవరూ దాచలేదు. దాని విలువ కనిపెట్టి స్టెల్త్ విమానం రూపకల్పనకు వాడుకున్నవారు అమెరికావాళ్ళు. దాగే విద్యకు మూలం బహిరంగంగా అచ్చయిన పుస్తకం!

ఇంకో వింత. ఈ విమానాలు మామూలు రోజుల్లో ఎగిరేటప్పుడు ఒంటికి చిన్న పరికరం ఒకటి తగిలిస్తారు. రాడార్ తరంగాన్ని తిప్పికొట్టి, విమానం బాగా కనబడేట్టు చేయడమే దాని పని. తన అసలు రూపు ఎంత చిన్నదో పక్కవాడు కొలుచుకోకుండా ఉండటానికి ఇలా కావాలని పెద్దగా కనబడుతుంది. విరాటపర్వంలో బృహన్నల గుర్తుకు రాలేదూ?

రూపకర్త యాంగ్ వెయ్ గురించి వెతుకుతుంటే ఆయనకు ముందటి తరంవాడు సోంగ్ వెన్‌సోంగ్ కథ కనబడింది. జె-10కు ప్రధాన రూపకర్త, 1930లో పుట్టినవాడు. యాంగ్ ఆయన దగ్గర ఆ విమానం మీదే పనిచేసి పైకి వచ్చాడు. జె-10 మొదటిసారి ఎగిరింది 1998 మార్చి 23న. ఆనాటి నుంచి సోంగ్ తన పుట్టినరోజును ఆ తేదీకే మార్చుకున్నాడట. 2016లో మార్చి 22న పోయాడు, ఒక్క రోజు ముందు. శిష్యుడి విమానం గోడ దాటి ఎగరడం మటుకు చూసే పోయాడు. ఈ కథ చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఒక మనిషి తన పుట్టుకనే ఒక ఆయుధం పుట్టుకతో కలిపేసుకోవడం గొప్పదో భయంకరమో తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

ఆ గోడ మీదివాళ్ళను తలుచుకున్నా అంతే. వాళ్ళ ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. మంచులో గంటలు నిలబడి, ఒక్క నిమిషం కనబడేదాని కోసం కన్ను ఆర్పకుండా చూడటం తపస్సే. కాని వాళ్ళను చూడనిచ్చారు. చూసి చెప్పండని వదిలారు. ప్రకటన అచ్చువేయకుండానే ప్రపంచానికి కబురు అందింది. చాటింపు వేసేవాడికి కనీసం కూలి ఇస్తారు, వీళ్ళు సొంత డబ్బుతో కెమెరాలు కొనుక్కుని డప్పు కొట్టారు. ఇలా అంటే మా వాడు ఒప్పుకునేవాడు కాదు. "వాళ్ళకి ఇష్టమండీ మాస్టారూ, అంతే" అనేవాడు. వాడు పదిహేనేళ్ళవాడు, నేను యాభై దాటినవాణ్ణి. ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

చెంగ్డు పడమటి భాగంలోనే, ఆ రన్‌వే ఉన్న జిల్లాలోనే, మహాకవి దు ఫు పర్ణశాల ఉంది. దేశంలో తిరుగుబాటు చెలరేగి ఊళ్ళు తగలబడుతుంటే, ఆయన కుటుంబంతో పారిపోయి 759 చివర ఆ నగరం చేరి, వాగు ఒడ్డున గడ్డి కప్పు వేసుకుని కొన్నేళ్ళు తలదాచుకున్నాడు. యుద్ధం మనుషులను ఏం చేస్తుందో ఆయనకంటె బాగా చెప్పిన కవులు తక్కువ. ఇప్పుడది యాత్రాస్థలం. ఆ పర్ణశాల చూడటానికి వచ్చినవారు తల ఎత్తితే ఎప్పుడైనా ఆ నల్ల పక్షి కనబడుతుందేమో.

తరవాతి సంగతులు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. 2014 మార్చి 1న 2011 అంకెతో, లేత బూడిద రంగుతో, గాలి పీల్చే ద్వారాలు మార్చుకుని కొత్త నమూనా ఎగిరింది. 2016 నవంబరు 1న జూహాయ్ వైమానిక ప్రదర్శనలో రెండు విమానాలు నిమిషం సేపు జనానికి అధికారికంగా కనబడ్డాయి. సేనలో చేర్చామని 2017 సెప్టెంబరులో ప్రకటించారు. ఈలోగా మా వాడు ఇంటరు చదివి, పరీక్ష రాసి, మన వాయుసేనలో ఎయిర్‌మన్‌గా చేరాడు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి దాచుకున్నానని వాళ్ళమ్మతో చెప్పించాడు, తను చెప్పడానికి సిగ్గు.

చేరాక విమానాల మాట ఆపేశాడు. ఆపాలి కూడా. పండగలకు ఫోన్ చేస్తాడు. ఆరోగ్యం అడుగుతాడు. కొన్నేళ్ళుగా తూర్పు వైపు ఎక్కడో ఉన్నాడు, అంతవరకే నాకు తెలుసు. 2024 మే నెలాఖరున పేపర్లలో ఒక ఉపగ్రహ చిత్రం వచ్చింది. టిబెట్టులో 12 వేల అడుగులకు పైగా ఎత్తున ఉన్న షిగాట్సే విమానాశ్రయంలో ఆరు జె-20లు వరసగా నిలబడి ఉన్నాయి. సిక్కిం సరిహద్దుకు 150 కిలోమీటర్లు. ఒకప్పుడు గోడ మీద నుంచి ముచ్చటగా చూసిన పక్షి, ఇప్పుడు మన పెరటి గోడకు దగ్గరగా వచ్చి వాలింది. ఆ రాత్రి ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"చూశావురా?" అన్నాను.

కాసేపు మాట లేదు. "మాస్టారూ, భోజనం చేశారా?" అన్నాడు.

చేశానన్నాను. మజ్జిగ పల్చగా తాగుతున్నారా, బీపీ మాత్రలు మానడం లేదు కదా అని అడిగాడు. నేను కూడా వాళ్ళ పాపకు అన్నప్రాశన ఎప్పుడని అడిగాను. అంతటితో సరి.

2024 డిసెంబరు 26న చెంగ్డు ఆకాశంలో మరో కొత్త విమానం కనబడింది. మావో పుట్టినరోజు అది. ఈసారి గోడ ఎక్కవలసిన అవసరం లేకపోయింది, దారిన పోయేవాళ్ళు చేతిలోని ఫోన్లతోనే తీశారు. మూడు ఇంజన్లట. వెడల్పాటి ఆకారం. కొందరు దాన్ని జింకో ఆకు అన్నారు, జింకో ఆ నగరానికి అధికారిక వృక్షం. ఒకనాడు తానే పరీక్షకు నిలబడిన జె-20, రెండు సీట్ల రూపంలో, ఇప్పుడు దాని వెంట కాపలాగా ఎగిరింది.

ఆ ఫొటో మావాడికి పంపాను. ఏమీ రాయకుండా, ఉత్త ఫొటో. తప్పేమోననిపించింది కాని, ఊరంతా చూస్తున్నదే కదా అని పంపాను. ఆ రోజు జవాబు లేదు. మర్నాడు పొద్దున్న పూజ ముగించుకుని చూసేసరికి మూడు మాటలు ఉన్నాయి.

"తోక లేదు మాస్టారూ."

కళ్ళజోడు తుడుచుకుని, బొమ్మ పెద్దది చేసి, మళ్ళీ చూశాను. నిజమే. లేదు.